స్నానాల గది ఆయా

వృద్ధాశ్రమంలో ఆడవాళ్ళ స్నానాల గది పొద్దున్నే ఆవిరితో నిండిపోతుంది. ఆ తెల్లదనంలో ఆయా మెల్లగా కదులుతుంటుంది. నీళ్ళ వేడిని ముందు తన మోచేతి మీద చూసుకుంటుంది. ఎంత మతిమరుపు మనిషినైనా "పోయనా అమ్మా?" అని అడగందే ఒక్క చుక్క పొయ్యదు. ఆ వెచ్చదనానికి ముసలివాళ్ళు సగం కలలోకి జారుకుని, ఎప్పుడో పోయిన అక్కచెల్లెళ్ళతో కబుర్లు చెబుతారు. ఆ అక్కచెల్లెళ్ళ బదులు ఆయాయే "ఊఁ" కొడుతుంది. ఒకరోజు, అందరూ టీచరు మామ్మ అని పిలిచే ముసలావిడ చెయ్యి ఆయా ఎత్తబోతే ఆవిడ ఉలిక్కిపడింది. జబ్బ మీద నాలుగు వేళ్ళ గుర్తులు, వెనక బొటనవేలిది, నీలంగా కమిలి ఉన్నాయి. "ఎవరు మామ్మా?" "అన్నం తినిపించే అమ్మాయి. మింగడం ఆలస్యమైందని. ఎవరికీ చెప్పకే, రేపు మళ్ళీ తనే వస్తుంది." ఆయా మామ్మ ఒళ్ళు తుడిచి, చీర కట్టి, తిన్నగా ఆఫీసుకు వెళ్ళింది.

"జారిపడిందని రాసెయ్, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు మేనేజరు. "పడితే వేళ్ళ గుర్తులు రావు కదండీ" అని ఆయా రిజిస్టరు తనవైపు లాక్కుని, చూసింది చూసినట్టు రాసింది. గోడ మీదున్న ఫిర్యాదుల నంబరుకు ఫోను కూడా చేసింది. ఉద్యోగం పోయినట్టే అనుకుంది. మూడోనాడు తనిఖీ అధికారిణి వచ్చారు. "ఈవిడకేమీ గుర్తుండదండీ" అన్నాడు మేనేజరు. మామ్మ కిటికీలోని ఎండ మీంచి ముఖం తిప్పింది. ఆయాను చూసి, "రిజిస్టరులో నా పేరు రాశావా?" అని అడిగింది. "రాశాను మామ్మా." "అయితే ఆ కుర్చీ ఇటు లాగు, ఆవిణ్ణి కూర్చోమను" అంటూ మామ్మ జాకెట్టు చెయ్యి తనే పైకి మడుచుకుంది.