పంకా లేని పెళ్లి హాలు

నా డ్రాయింగు చూసి మా పై అధికారి అడిగిన మొదటి మాట, "పంకాల కొక్కేలేవయ్యా?"

ఇంజనీరుగా అది నా మొదటి కట్టడం. ధర్మపురికి ఎగువన గోదావరి నడుమ ఒక చిన్న దీవి ఉంది. అట్లాంటి దీవిని మా దిక్కు కుర్రు అంటారు. దాని మీద ఊరందరి కోసం ఒక హాలు కట్టాలి. అక్కడికి కరెంటు తీగే పోలేదు. కొక్కేలకు ఏం వేలాడదీస్తాం, గబ్బిలాలనా?

"పంకా అక్కర్లేకుండా కడతాను సార్" అన్నాను.

"ఎండాకాలం వచ్చి కూసుంట. ఉక్కపోసిందో, పెంకలు దించి స్లాబు ఏపిస్త."

అంటే ఒప్పుకున్నట్టే! నా కాళ్లు నేల మీద నిలవలేదు. మందపాటి మట్టిగోడలు, ఎత్తుగా గూనపెంకుల కప్పు, వేడిగాలి పైకి పోవడానికి కప్పు కింద కంతలు గీశాను. నది గాలి కోసం పడమట ఆరు కిటికీలు పెట్టాను. నేను స్థలం చూసింది కార్తీకంలో. నీళ్ల మీది గాలికి అప్పుడు ఒళ్లు జిల్లుమంది.

పునాదికి ముగ్గు పోస్తున్న రోజు, ఇసుకలో పుచ్చతీగలు పెట్టుకునే ఒక ముసలవ్వ వచ్చి నిలబడింది. తన బిడ్డల పెళ్లిళ్లన్నీ అవతలి ఒడ్డున ఎవరి కొట్టంలోనో చేసింది. వచ్చే ఎండాకాలం మనవరాలి పెళ్లి మాత్రం కుర్రు మీదే చేస్తానని పంతం పట్టింది.

"పడమటికి గన్ని కిటికీలెందుకు బిడ్డా?"

"గోదావరి గాలి కోసం అవ్వా."

ఆమె పగలబడి నవ్వింది. "ఎండాకాలం గోదారేడుంటది? గదంత ఇసుకనే! గా వడగాలి లోపటికొస్తే తలంబాల బియ్యం పేలాలైతయ్. మా బర్లు పగటీలి ఏడ పంటయో జర చూడరాదు. నీకన్న గవ్వే నయం."

కుర్రు మీది చింతచెట్ల తూర్పు పక్క, పడమటి ఎండ తగలని చోట, బర్రెలు పండీ పండీ నున్నగా చేసిన నేల చూపించింది. సిగ్గేసింది. సిగ్గు కంటే హుషారు ఎక్కువైంది. పోసిన ముగ్గు కాలితో చెరిపి, అక్కడే కొత్తది పోయించాను. పడమటి గోడకు ఒక్క కిటికీ కూడా లేకుండా మూసి, ఉత్తరానికీ తూర్పుకీ తెరిచాను.

ఎండాకాలానికి హాలు లేచింది. అవ్వ మనవరాలి పెళ్లినాడు అధికారి అన్నట్టే వచ్చారు. మండే ఇసుకలో నడిచి, మొహం ఎర్రగా చేసుకుని, విసనకర్రతో లోపలికి వచ్చి కూర్చున్నారు. కాసేపటికి విసనకర్ర పక్కన పెట్టారు.

జీలకర్ర బెల్లం వేళయింది, అవ్వ కనబడలేదు. చూస్తే పడమటి గోడకు ఆనుకుని గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"ఇగ స్లాబు ముచ్చట బందు" అన్నారు అధికారి.

పరుగున పోయి లేపాను. అవ్వ ఉలిక్కిపడి లేచి, కొంగు సర్దుకుంటూనే నా మీద పడింది.

"గింత సల్లగ ఎవడు కట్టుమన్నడు నిన్ను? పిల్ల ముహూర్తమే పోగొడుదువు గద!"