నడుమెత్తు మోళ్లు

వీధిలో అందరూ అతన్ని మోళ్ల బావ అంటారు. నిజానికి బావ అనే వరస ఉన్నది ఒక్క బావమరిదికే. ఆ బావమరిది పక్కింట్లో ఉంటూ పొద్దస్తమానం గొంతెత్తి పిలవడంతో ఆ పిలుపు వీధంతా పాకింది. ఇళ్ల పెరళ్లలో చిన్నా చితకా చెట్ల మోళ్లను చేత్తో పెకలించడం మోళ్ల బావ పని. యంత్రం దూరని సందుల్లోకి గునపం, పార, మోకుతాడు పట్టుకుని ముప్పై ఏళ్లుగా పోతున్నాడు. బావమరిదికి పని నేర్పిందీ అతనే.

మూడు రోజులు పొరుగూళ్లో పని చూసుకుని వచ్చేసరికి రెండిళ్ల మధ్య నాలుగు జామచెట్లు లేవు. మోళ్లు మిగిలాయి. భార్య అడిగిందని ఒకప్పుడు అతనే నాటిన చెట్లు.

"కరెంటోళ్లు కొట్టేసి పోయారు బావా, తీగలకు తగులుతున్నాయని" అన్నాడు బావమరిది. "పోనీలే, మోళ్లు కూడా తీసేస్తే నా వ్యాను పెట్టుకోవచ్చు. నీకెంత, ఒక పూట పని."

వ్యాను కోసం చెట్లు కొట్టేద్దామని అతను ఇదివరకు రెండుసార్లు అడిగాడు. మోళ్ల బావ రెండుసార్లూ వద్దన్నాడు.

గొంతుకూర్చుని చూశాడు. కరెంటు వాళ్లయితే తీగకు తగిలే కొమ్మ కొట్టి పోతారు. ఇవి నడుమెత్తున కోసి ఉన్నాయి, ఊపడానికి పట్టు దొరికేట్టు. కొసకు జానెడు కింద, మోకు జారకుండా వేలెడు లోతు గాటు. అలాంటి గాటు పెట్టేది తను. నేర్పింది ఒక్కడికే.

అయినా నిలదీయలేదు. వాడంతట వాడు ఒక్క మాట చెబితే చెట్ల సంగతి మరిచిపోదామనుకున్నాడు.

మొదటి మోడు చుట్టూ తవ్వి, పక్కవేళ్లు నరికి, నీళ్లు పోసి మట్టి కడిగాడు. బావమరిది మోకు అందుకున్నాడు. చూడకుండానే వాడి చెయ్యి గాటు మీదికి పోయింది.

"కరెంటోళ్లకు మన పని బాగానే తెలుసురా."

"ఈ రోజుల్లో అన్నీ నేర్పే పంపుతున్నారు బావా."

ఇద్దరూ అటూ ఇటూ ఊపి లాగారు. తల్లివేరు పటుక్కున తెగింది. రెండోదీ వచ్చింది. ఆ మాట మాత్రం రాలేదు.

మూడో మోడుకు మోకు కడుతుండగా భార్య నీళ్లు తెచ్చింది. పెకలించిన మోళ్లను చూసి, తమ్ముడి వైపు తిరిగింది.

"ఇంకా చెప్పలేదట్రా?"

తమ్ముడు చెంబెత్తి తాగుతూ ఉండిపోయాడు.

"నీకూ తెలుసన్నమాట" అన్నాడు మోళ్ల బావ.

"మీరు ఒప్పుకోరని... వాడే చెబుతానంటే సరేనన్నాను."

అతను ముడి విప్పాడు. మోకు చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. పార కడిగాడు.

"ఇంకా రెండున్నాయి కద బావా."

"పని నీకొచ్చుగా. గాటు కూడా సరిగ్గానే పెట్టావు."

ఆ రెండు మోళ్లూ అలాగే ఉన్నాయి. వానలకు చిగిర్చాయి కూడా. వీధిలో ఎవరు బావా అన్నా అతను ఇప్పటికీ పలుకుతాడు. పక్కింటి నుంచి ఆ పిలుపు వస్తే మాత్రం పనిముట్లు తుడుచుకుంటూ కూర్చుంటాడు.