రాజవ్వ నీళ్ల వంతు, నా ఉచిత గుడారం

ఈ ప్రయాణం ఒక పొగరుబోతు మాటతో మొదలైంది. సిరిసిల్లలో మా కళ్లద్దాల దుకాణానికి ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే మిత్రుడొకడు, ఏదో చెరువు ఒడ్డున గుడారంలో ఒక రాత్రి పడుకోవడానికి రెండు వేలు కట్టి వచ్చి, వారం రోజులు అదే ముచ్చట చెప్పాడు. నేల మీద పడుకోవడానికి డబ్బులెందుకురా అని ఎగతాళి చేశాను. "అయితే నువ్వు ఊరికే పండుకొని చూపియ్" అన్నాడు. చూపిస్తానన్నాను. కోరుట్ల నుంచి మేడిపల్లి, జగిత్యాల మీదుగా మల్యాల వరకు కాకతీయ కాలువ వెంట సైకిల్ మీద రెండు రోజులు, మధ్యలో ఒక రాత్రి గుడారం, బసకు పైసా ఖర్చు లేకుండా. ఆ కాలువ తవ్వినప్పుడు మా అమ్మ తండ్రి మట్టి తట్టలు మోశాడట. మా మేనమామది మేడిపల్లి పక్క పల్లె. అందుకే ఆ దారి నాదేనన్న ధీమా ఒకటి ఉండేది. మీలో చాలామంది ఇలాంటి యాత్ర గురించి అడుగుతున్నారు కాబట్టి వివరాలన్నీ రాస్తున్నాను. కానీ ఈసారి తల ఎత్తుకుని రాయడం లేదు.

ఫిబ్రవరి చివరి శనివారం, ఉదయం ఏడింటికి సిరిసిల్లలో బయలుదేరాను. వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్లకు సైకిల్‌తో వెళ్లాలంటే బస్సు కంటే ట్రాలీ ఆటో నయం. కూరగాయలు దించి ఖాళీగా తిరిగి వెళ్తున్న ఒకతను నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. "సైకిల్ తొక్కెటోనివి నా బండెందుకు ఎక్కినవే అన్నా?" అని దారంతా నవ్వించాడు. "కాల్వ దాక కాళ్లు దాసుకుంటున్న తమ్మీ" అన్నాను. తొమ్మిదిన్నరకు కోరుట్లలో దించాడు. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో పూరీ, చాయ్ యాభై రూపాయలు. మధ్యాహ్నానికి చపాతీలు కట్టించుకుంటుంటే, పొయ్యి దగ్గరి పెద్దాయన నా సైకిల్ మూటలు చూసి ఎక్కడికని అడిగాడు. చెప్పాను. "నీళ్లు ఇడిసిండ్రు సారూ. కాల్వల కాలు వెట్టకు. సిమెంటుకు పాకురు వట్టి ఉంటది, జారితె మల్ల దొరుకవు" అన్నాడు. ఈ మాట మీరూ గుర్తుంచుకోండి. స్నానానికైనా సరే, పెద్ద కాలువలో దిగకూడదు.

పదిన్నరకు కాలువ గట్టు ఎక్కాను. గట్టు మీద దారి కొంతదూరం మొరం, కొంతదూరం ఎర్రమట్టి. సన్న టైర్ల సైకిళ్లు పనికిరావు. ఎడమవైపు కాలువ నిండుగా పోతుంటే కుడివైపు దిగువన వరి, మక్కజొన్న, అక్కడక్కడా పసుపు తవ్వుతున్న కూలీలు. పసుపు ఉడకబెడుతున్న వాసన చాలాదూరం వెంట వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలు ఒక వంతెన నీడలో పడుకున్నాను. మూడింటికి ఒక తూము దగ్గర, గేట్లు చూసుకునే లస్కర్ కనిపిస్తే గుడారం సంగతి అడిగాను. "గట్టు మీద డేరా గీరా ఎయ్యద్దు, మా సార్లు జూస్తె నా నౌకరికి అస్తది. కింద రైతులను అడిగి ఆళ్ల జాగల ఏసుకో" అన్నాడు. సబబే అనిపించింది. ఎండ తగ్గేదాకా మెల్లగా తొక్కుకుంటూ, మేడిపల్లి దాటాక ఐదు గంటలకు ఒక పొలం దగ్గర ఆగాను.

ఆ పొలం మల్లేశం కాకది. అరవై ఏళ్లుంటాయి. మోటారు షెడ్డు ముందు పార కడుక్కుంటున్నాడు. రాత్రికి ఇక్కడ డేరా వేసుకోనా అని అడిగితే, "ఏసుకో తమ్మీ, నాదేం వోయింది? నువ్వు పండుకుంటె భూమి అరుగుతదా?" అన్నాడు. పిల్లకాలువ పక్కన మెత్తటి గడ్డి చూపించాడు. ఇంటి నుంచి వచ్చిన టిఫిన్ గిన్నె విప్పి, జొన్నరొట్టె, పప్పు, మిరపకాయ తొక్కు సగం నాకు పెట్టాడు. వద్దంటే వినలేదు. "నేను దుబాయిల పన్నెండేండ్లున్న. ఎవలో ముక్కుమొగం తెల్వనోళ్లు పిలిచి ఇంత పెడితె తిన్నోన్ని. ఇప్పుడు నా కొడుకు ఆడనే ఉన్నడు. ఆనికి గూడ ఎవలో పెడుతుండొచ్చు. తిను" అన్నాడు.

తింటూ నీళ్ల సంగతి చెప్పాడు. ఆ తూముకు వారం నీళ్లు, వారం బందు. "పొద్దుగూకెదాక నా వంతు. ఇగ తెల్లారెదాక రాజవ్వది. ఆఖరుకు ఉంటదామె పొలం, కౌలుది. మక్క కంకులు పాలు వోసుకుంటున్నయ్. ఈ ఒక్క తడి పారితె ఎల్లిపోతది. పొద్దుగాల లస్కర్ అచ్చి తూము బంద్ వెడ్తడు" అన్నాడు. అంటూనే లేచి తన మడికి పారే దారిని మట్టితో మూసి, నీళ్లను కిందికి వదిలాడు. నేను ఊరుకోవచ్చు కదా. "నాకూ నీళ్లు కట్టుడు అస్తది కాకా, ఎండకాలం సెలవులల్ల మా మామ తోని కట్టేటోన్ని" అని గొప్పకు పోయాను. "అట్లనా! మనోనివే" అని మురిసిపోయి, మోపెడ్ మీద ఊళ్లోకి వెళ్లిపోయాడు.

ఇక నేను చేసిన పని. ఎనిమిది కాకముందే గుడారం అడుగున చల్లగా తగిలింది. పిల్లకాలువ నిండి, అంచు మీద నుంచి గడ్డిలోకి నీళ్లు ఊరుతున్నాయి. గుడారం పీకి పైకి జరుపుకుంటే సరిపోయేది. బద్ధకం. రోజంతా సైకిల్ తొక్కిన కాళ్లు. పది అడుగుల దూరంలో ఆ కాలువ రెండుగా చీలి, ఒక పాయ ఒర్రెలోకి, అంటే పక్కనున్న చిన్న వాగులోకి, పోయే చోటు కనిపించింది. నాలుగు మట్టిపెడ్డలు, కాస్త తడిగడ్డి తెచ్చి రాజవ్వ పొలం వైపు అడ్డం వేశాను. ఒర్రె వైపు కాలితో తెరిచాను. నీళ్లు చెప్పిన మాట విన్నట్టు అటు తిరిగాయి. నిజం చెప్పాలంటే, చేతులు ఇంకా పని మరిచిపోలేదని సంతోషపడ్డాను కూడా. ఎవరి వంతో నాకు తెలుసు. గంట కింద విన్నదే. అరగంట ఆగి, నేల ఆరగానే తీసేద్దాం అనుకున్నాను. అలా అనుకుంటూనే నిద్రపోయాను.

ఆరింటికి అరుపులకు మెలకువ వచ్చింది. గుడారం జిప్పు తీసి చూస్తే, పాయలు చీలే చోట నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య కొంగు నడుముకు చుట్టి, భుజాన పారతో యాభై ఏళ్ల మనిషి. రాజవ్వ అని వేరే చెప్పక్కర్లేదు. లస్కర్ అప్పటికే తూము మూసేసి వెళ్లాడు. కాలువలో బురద తప్ప ఏమీ లేదు.

"సుక్క రాలే నా మడికి! రాత్రంత ఒర్రెల వారవోసినవ్!" అని మల్లేశం మీదికి వెళ్తోందామె. "పోయినేడు గిట్లనే జేస్తివి, నలుగుట్ల తప్పాయె అంటివి. మల్ల అదే బుద్ధి! పరాయోళ్ల భూమి కౌలు వట్టుకొని బతుకుతున్న, నా మీద నీకేం కండ్లమంట?"

"నేను గాదు రాజవ్వా. పొద్దుగూకంగనే నీ దిక్కు ఇడిసిపెట్టి పోయిన" అన్నాడు మల్లేశం.

"మరి దయ్యాలు కట్టినయా?"

ఎవరో నా వైపు చూపించారు. "గీ సారు ఈడనే ఉన్నడు గద." పక్కనున్న అతను సైకిల్‌కు తగిలించిన నా హెల్మెట్, నా పొట్టి నిక్కరు చూసి నవ్వాడు. "ఆయనకేం ఎర్క? పట్నపాయన. నీళ్లు మర్లేసుడు ఆయనతోని అయితదా?" అని, నన్నే అడిగాడు, "రాత్రి ఎవలన్న అచ్చిండ్రా సారూ?"

"పండుకున్న అన్నా. నాకేం ఎర్క లేదు" అన్నాను.

అందులో మొదటి మాట ఒక్కటే నిజం. మల్లేశం కాక నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు కోపంగా లేదు. నేను వంగి గుడారం మేకులు పీకడం మొదలుపెట్టాను. వెనకాల రాజవ్వ గొంతు పగిలేలా, "నా ఉసురు ఊకెనే పోదు. పరదేశంల ఉన్న నీ కొడుక్కు తాకుతది!" అంది. ఆమె పార ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది. మల్లేశం నేను వేసిన పెడ్డలను ఒక్కొక్కటే తీసి ఒడ్డున పెట్టాడు. నేను సైకిల్ ఎక్కుతుంటే, "పైలంగ పో తమ్మీ" అన్నాడు.

అక్కడి నుంచి జగిత్యాల పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. ఎనిమిదిన్నరకు చేరి, ఒక హోటల్లో దోశ తెప్పించుకున్నాను. ఎందుకు నోరు విప్పలేదని నన్ను నేను అడుగుతూ కూర్చున్నాను. కొడతారన్న భయం కాదు. నిన్న సాయంత్రం 'మనోనివే' అన్న మనిషి ముందు పరువు పోతుందన్న భయం, అంతే. ఆ పరువు కాపాడుకోవడానికి అదే మనిషిని అందరి ముందు బలిచ్చాను. పెట్టిన చెయ్యిని కరిచినవాణ్ని అంటారు ఇలాంటివాళ్లను. దోశ వదిలేసి వెనక్కి తిప్పాను. ఎదురుగాలికి రెండు గంటలు పట్టింది.

మల్లేశం పొలం గెట్టు మీద గడ్డి కోస్తున్నాడు. సైకిల్ పడేసి, "కాకా, రాత్రి నీళ్లు మర్లేసింది నేను" అన్నాను.

కొడవలి ఆపలేదు. "ఎర్కనే."

"ఎర్కనా?"

"నీళ్లు కట్టుడు నాకస్తదని నువ్వే జెప్తివి గద."

"మరి పొద్దుగాల అనకపోతివి?"

"నా జాగల వండుకున్నవ్, నా రొట్టె తిన్నవ్. నలుగుట్ల నిన్నెట్ల నిలవెడ్త? నువ్వే చెప్తవేమోనని జూసిన." అప్పుడు తల ఎత్తాడు. "నాకు జెప్తె ఏమస్తది? పద, ఆమెకు జెప్పు."

రాజవ్వ రెండు పొలాల అవతల కూలికి పసుపు తవ్వుతోంది. చెప్పాను. తప్పయిందక్కా అన్నాను. నష్టం కట్టిస్తానని జేబులో చెయ్యి పెట్టాను. ఆమె నన్ను చూడలేదు. మల్లేశం వైపే చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. అది నాకు బాగా తెలిసినదే, పొద్దుటి నుంచి నేను మోస్తున్నదే.

"అన్నా, నీ కొడుకును గూడ అన్న గదనే" అంది.

"కోపానికి అన్నవ్. ఇడిసిపెట్టు. మల్ల నీళ్లు ఇడిసినప్పుడు నా వంతుల సగం నువ్వే పారిచ్చుకో" అన్నాడు మల్లేశం. కానీ అలా అంటూ అతను నేల వైపు చూశాడు.

అప్పుడు నా వైపు తిరిగింది. "మక్క ఎండితె ఎండింది, మల్లేడు ఏసుకుంట. పొద్దుగాలనే ఒక్క మాట జెప్తె అయిపోవు గద సారూ? నేనన్న ఆ మాటను యాడికెల్లి వాపసు తెచ్చుకోవాలె?"

ఆమె మళ్లీ వంగి పసుపు తవ్వడం మొదలుపెట్టింది. మల్యాల వరకు తొక్కాలన్న మాట అక్కడే వదిలేసి, మేడిపల్లి నుంచి ఇంకో ట్రాలీ పట్టుకుని సిరిసిల్ల చేరాను. మిత్రుడు "ఊరికెనే పండుకున్నవా?" అని అడిగాడు. లేదన్నాను. ఎంతయిందని అడిగితే చెప్పలేకపోయాను. మూడు వారాల తర్వాత ఫోన్ చేస్తే, రాజవ్వ మక్కకు తడి అందిందని, కంకులు మాత్రం సగం వరకే గింజ పట్టాయని మల్లేశం కాక చెప్పాడు. ఆమె అతని గెట్టు మీద నుంచి నడవడం మానేసి, కొత్తగా చుట్టూ తిరిగి పోతోందట. కోపంతో కాదు, మొహం చూపించలేక. చుట్టూ తిరగాల్సింది నేను.

ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగిన జాగ్రత్త ఒక్కటే. రైతును అడిగి, పిల్లకాలువకు ఎగువన, ఎత్తు మీద గుడారం వేసుకోండి. రాత్రి తడి తగిలితే గుడారాన్నే జరపండి, ఒక్క మట్టిపెడ్డను కూడా ముట్టుకోకండి. మేకులన్నీ పీకి, పది అడుగుల అవతల మళ్లీ పాతడానికి ఎంతసేపు పడుతుందో ఇంటికొచ్చాక పెరట్లో గడియారం పెట్టుకుని చూశాను. ఏడు నిమిషాలు.