గురువారం నాటి నల్లమచ్చ

ఎనభయ్యో దశకం మొదట్లో, ఒక ఏప్రిల్ నెలలో, నన్ను రాజమండ్రి నుంచి హైదరాబాదుకు బదిలీ చేశారు. ఆరోగ్య శాఖ పరికరాల మరమ్మతు విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరు హోదా. నా కింద ఇద్దరు మెకానిక్కులు, నా పైన ఒక డిప్యూటీ ఇంజనీరు. పాతబస్తీ మొత్తం నా పరిధిలోకి వచ్చింది. అందులో గౌలిపుర వైపు ఒక చిన్న టీకాల కేంద్రం ఉండేది. అది ఇప్పుడు లేదు. పేరు రాయవలసిన అవసరమూ లేదు.

ఆ కేంద్రంలో టీకా మందులు దాచే శీతల గది ఒకటి ఉండేది. మందపాటి తలుపు, లోపల చెక్క అరలు. అక్కడి ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. తలుపు పక్క గోడకు, బయటి వైపు, అద్దం మూత ఉన్న రికార్డర్ బిగించి ఉండేది. లోపలి వేడిమిని గీతగా గీసి చూపే యంత్రం అది.

ఆ యంత్రంలో సిరా ఉండదు. కాగితమే ప్రత్యేకమైనది. నల్లటి కాగితం మీద పల్చటి తెల్లని మైనపు పూత ఉంటుంది. కరెంటుతో వేడెక్కిన సూది తగిలిన చోట మైనం కరిగి, కింది నలుపు గీతలా బయటపడుతుంది. మా యంత్రంలో అది గుండ్రటి బిళ్ల. వారానికి ఒక చుట్టు తిరుగుతుంది. సోమవారం పాత బిళ్ల తీసి కొత్తది పెట్టి, పాతదాన్ని ఫైలులో ఉంచాలి. మందు చెడిందా లేదా అన్నది కంటికి కనిపించదు, వాసనకు తెలియదు. కనుక ఆ గీతే సాక్ష్యం.

నేను చేరిన కొద్ది రోజులకే కేంద్రం డాక్టరుగారు ఫోను చేశారు. ఆవిడ మాట పొదుపు మనిషి. చార్టు మీద మచ్చ పడుతోందని, సోమవారం పాతబస్తీలోని బార్కస్‌లో పోలియో చుక్కల క్యాంపు ఉందని, మందు వాడవచ్చో లేదో నేను రాసి ఇవ్వాలని చెప్పారు.

శనివారం పొద్దున వెళ్లాను. బిళ్ల మీద గురువారం సాయంత్రం దగ్గర అరచేయంత నల్లమచ్చ ఉంది. దానికి ముందు గీత బాగుంది. దాని తర్వాతా బాగుంది. మధ్యలో ఏమీ కనిపించదు. ఫైలు తెరిచి చూస్తే ప్రతి బిళ్ల మీదా అదే చోట మచ్చ. సూది అతిగా వేడెక్కుతోందేమోనని కరెంటు కొలిచాను. సరిగానే ఉంది. కంప్రెసరులో లోపం లేదు. లోపలి థర్మామీటరు అయిదు డిగ్రీలు చూపుతోంది.

గది బాధ్యత మల్లయ్యది. గౌలిపుర మనిషి, నాకంటే పెద్దవాడు. గురువారం సాయంత్రం అక్కడ ఏం జరుగుతుందని అడిగాను.

"ఏం జరుగుతది సార్, ఊదు ఏస్తం. దుకాణాలల్ల ఏస్తరు, ఇండ్లల్ల ఏస్తరు, దవాఖానకు ఎందుకొద్దు? ఇంత నాజూకు మిషన్. నజర్ తగిలితే మీరే గద ఉరికి రావాలె."

చుక్కలు వేసే నర్సు హలీమా నవ్వింది. "గల్లీల లోబాన్ ఫకీర్ వస్తడు సార్. మల్లన్న ఆయన చేతిలకెల్లి ధూప్‌దాన్ గుంజుకుంటడు. తానే తిప్పాలె. ఇంజనీర్ సాబ్‌ల కన్న ఈయనకే ఫికర్ ఎక్కువ."

మల్లయ్య అద్దం మూత తెరిచి, దిష్టి తీసే సాంబ్రాణి నిప్పుల పాత్రను బిళ్ల కిందికి ఎలా తెస్తాడో చేసి చూపించాడు. నేను ఒక కొత్త కాగితం ముక్క దగ్గరికి అగ్గిపుల్ల తెచ్చాను. అదే మచ్చ. నిప్పుల సెగకు మైనం కరిగిందన్న మాట. యంత్రానికి లోపం లేదు, గదికి లోపం లేదు. మందు వాడవచ్చని రాయడానికి పెన్ను తీశాను.

నేను మెచ్చుకున్నానని అనుకున్నాడో ఏమో, మల్లయ్య ఇంకో మాట చెప్పాడు. "మిషన్‌కే కాదు సార్, లోపటికి గూడ పొగ పట్టిస్త. అసలు మందు లోపటనే గద ఉన్నది."

"తలుపు తీసా?"

"తలుపు తియ్యకుంటే పొగ ఎట్ల వోతది సార్?"

మళ్లీ ఎప్పుడు మూస్తారని అడిగాను. పొగంతా బయటికి పోవాలి కదా అన్నాడు. చాయ్ తాగొచ్చి, గేటు గిట్ల చూసుకొని, అప్పుడు తలుపు వేస్తాడట.

పెన్ను జేబులో పెట్టేశాను. కాగితాన్ని నల్లబరిచిన పనీ, లోపలికి వేడి రానిచ్చిన పనీ ఒక్కటే. ఏ వేళ గీత పైకి లేచి ఉండాలో సరిగ్గా ఆ వేళనే మచ్చ కప్పేసింది. ఎవరూ ఏదీ దాచలేదు. అయినా దాగిపోయింది.

మా తమ్ముడికి రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. కుడి తొడ మీద అరచేయి నొక్కిపెట్టి అడుగు వేసేవాడు. ఈమధ్యే, కిందటి ఏడాది, పోయాడు. ఆ పూట గదిలో నాకు కలిగిన భయం ఎలాంటిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చెడిన చుక్కల మందు బిడ్డకు హాని చేయదు. ఏమీ చేయదు. తల్లి మాత్రం ఇక భయం లేదనుకొని ఇంటికి పోతుంది.

సూదికి బరువు ఉంటుంది. మైనం లేని చోట గీత పడదు గాని, కాగితంలో సన్నటి గాడి పడుతుంది. బిళ్లను కిటికీ దగ్గర వెలుగుకు ఏటవాలుగా పట్టుకున్నాను. మచ్చ నడుమ నుంచి గాడి మొదలైంది. బిళ్ల మీద అచ్చువేసిన ఎనిమిది డిగ్రీల వలయం దాటింది. ఇరవై కూడా దాటింది. చాలాసేపు అక్కడే ఉండి, మెల్లగా దిగింది. పాత బిళ్లలన్నీ ఒక్కొక్కటే అలా పట్టుకొని చూశాను. చలికాలంలో గాడి ఎనిమిది దాకా వచ్చి ఆగింది. మార్చి నుంచి ప్రతి గురువారమూ దాటింది.

డాక్టరుగారు వచ్చి, నా చేతిలోది తీసుకొని తానూ వెలుగుకు పట్టి చూశారు. మార్చి నుంచి ఈ గది మందు ఎవరెవరికి వేశామని హలీమాను అడిగారు. హలీమా మల్లయ్య వైపు చూసింది.

"మా మనుమరాలికి గూడ గిక్కడనే ఏసిండ్రు," అన్నాడు మల్లయ్య. తర్వాత మెట్టు మీద కూర్చున్నాడు. "నేను మంచికే ఏసిన సార్."

అతణ్ణి తప్పు పట్టే హక్కు మాకు లేదు. తలుపు తీయకూడదని అతనికి చెప్పారు గాని, ఎందుకో చెప్పిన వాళ్లు లేరు.

డాక్టరుగారు గదిలోని చుక్కల మందంతా పక్కన పెట్టించారు. క్యాంపు వాయిదా వేశారు. మార్చి నుంచి వేసిన పిల్లలందరికీ ఇళ్లకు వెళ్లి మళ్లీ వేయాలన్నారు. పెద్ద స్టోరు నుంచి ఐసు పెట్టెల్లో కొత్త మందు వచ్చింది. మనుషులు చాలక నేనూ ఒక పెట్టె మోశాను. మల్లయ్య ఇంకొకటి మోశాడు. మొదట తన ఇంటికే తీసుకుపోయాడు.

ప్రతి గుమ్మం దగ్గరా భయమే. ఒక తల్లి బిడ్డను వెనక్కి లాక్కొని తలుపు సగం మూసింది. "మొన్ననే ఏసిన్రు గద, మళ్లెందుకు? అది విషమైందా ఏంది?"

"జహర్ కాదమ్మా, బేకార్ అయింది. గంతే," అంది హలీమా. "తప్పు మాది. నోరు తెరిపియ్యి బిడ్డది."

ఆ తల్లి మా ముఖాలు చూసి, తలుపు తీసింది. అబద్ధం చెప్పి ఉంటే తీసేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

బార్కస్ దగ్గర, మళ్లీ చుక్కలు వేయవలసిన ఒక బిడ్డ ఇంటికి తాళం వేసి ఉంది. రాళ్ల పనికి పోయే కుటుంబం. ఏ ఊరు పోయారో చుట్టుపక్కల వాళ్లకు తెలియదు. హలీమా ఆ తర్వాత కూడా వెళ్లి చూసింది. వాళ్లు తిరిగి రాలేదు. ఆ బిడ్డ సంగతి నాకు తెలియదు.

మచ్చ కనబడగానే నేను యంత్రాన్ని పరీక్షించాను. యంత్రం బాగుందని తేలగానే మందూ బాగుందని రాయబోయాను. రికార్డర్ తాను గీసిన దానికే సాక్షి. గీత కనిపించని చోట మంచి జరిగిందనీ చెప్పదు, చెడు జరిగిందనీ చెప్పదు. ఆ ఖాళీని మనకు అనుకూలంగా చదవడం సులువు. అక్కడ పనిచేసే మనుషులను, ఆ వేళ వాళ్లేం చేస్తారో, మూత విప్పకముందే అడగాలి. వాళ్లు చెప్పిన మొదటి జవాబుతో సర్దుకోక ఇంకొంచెం సేపు నిలబడాలి. మల్లయ్య రెండో మాట నేను అడిగితే వచ్చింది కాదు. అతనంతట అతను చెప్పాడు.