తలకిందులైన మూడు మడతలు

మార్చి తొమ్మిదో తేదీ, ఆదివారం ఉదయం యంత్రవాద్యాల మ్యూజియంలోకి టికెట్టు తీసుకొని వెళ్లినవారు నలభై ఒక్కమంది. వారిలో ఆ యంత్రాల కడుపులో ఏముంటుందో ఎరిగినవారు ఇద్దరే, ఒకే ఇంటి తోటికోడళ్లు. పెద్దకోడలికి డెబ్బై ఒకటి, చిన్నకోడలికి అరవై ఆరు. ప్రయాణం పెట్టింది పెద్దకోడలు. పాత కర్మాగారం సామాను ఆ మ్యూజియానికి చేరిందని పేపర్లో చదివింది మొదలు, ముప్ఫై ఎనిమిదేళ్లుగా గొంతులో అడ్డంపడి ఉన్న ఒక మాటను అక్కడే, ఆ వస్తువుల ఎదుటే చెప్పేయాలని ఆమె నిశ్చయించుకుంది.

ఆ మాట అర్థం కావాలంటే ముందు పని ఎలా జరిగేదో తెలియాలి. పిడి తిప్పితే పాడే పెద్ద గాలిపెట్టెలకు పాట అట్టల మీద ఉంటుంది. మడతలు మడతలుగా విచ్చుకొనే అట్టల పుస్తకం యంత్రంలో ఒక పక్క దూరి మరో పక్క బయటికొస్తుంది. చిల్లు ఎదురైన చోట మీట లేస్తుంది, గొట్టంలోకి గాలి వెళ్లి స్వరం పలుకుతుంది. ఆ చిల్లులు కొట్టే కర్మాగారంలో ఇద్దరివీ పక్కపక్క బల్లలు. పాటలు కట్టే పెద్దాయన ఇచ్చిన నమూనా రేకును అట్ట మీద పరిచి, కాలితో తొక్కే పంచ్‌తో రేకులోని ఖాళీల వెంబడి కొట్టుకుంటూ పోవాలి. రేకు మూల ఒక గాటు ఉండేది. "గాటు పొట్టవైపు" అన్నది కొత్తవాళ్లకు మేస్త్రీ చెప్పే మొదటి పాఠం. అది గోడవైపు తిరిగితే పై స్వరాలు కిందికి, కింది స్వరాలు పైకి పోయి పాట తలకిందులవుతుంది. ఇంకో రివాజు కూడా ఉంది. పుస్తకం ఎవరు మొదలుపెడితే వెనక అట్ట మీద వారి నంబరే ముద్ర పడుతుంది, నడుమ ఎవరు చెయ్యి వేసినా సరే.

ఒకసారి చిన్నకోడలు మూడు రోజుల జ్వరంతో పనికి వచ్చింది. మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చి అలాగే ఒళ్లు మరిచి పడుకుంది. పెద్దకోడలికి ప్రాణం ఉసూరుమంది. మేస్త్రీ అటు తిరగగానే ఆమె బల్ల మీదికి వంగి మూడు మడతలు గబగబా తొక్కేసింది. లేచిన తర్వాత చిన్నకోడలు నాలుగో మడత అందుకుంది. తాను ఎక్కడ ఆపిందో ఆమెకే గుర్తు లేదు. చేసిన సాయం చెప్పుకోవడమెందుకని ఈమె కూడా ఊరుకుంది.

నలుగురి ముందు ఆ పాట పెట్టిన రోజు జనం పొట్ట పట్టుకొని నవ్వారు. పెద్దాయన ముఖం మాడిపోయింది. మర్నాడు మేస్త్రీ పుస్తకం తెచ్చి చిన్నకోడలి బల్ల మీద పడేశాడు.

"ఈ పదిహేడో నంబరు నీదేగా?"

"నాదేనండీ."

"మరి నిద్రలో తొక్కావా?"

"ఒంట్లో సోయి లేదండీ... తొక్కే ఉంటాను."

పెద్దకోడలు రెండడుగుల దూరంలో నిలబడి కిమ్మనలేదు. ఇద్దరి పనీ పోవడం కంటే ఒకరిది పోవడమే నయమని మనసుకు నచ్చజెప్పుకుంది. వారం తిరక్కుండా పెద్దకోడలిని తనిఖీ బల్లకు మార్చారు. గాటు తప్పిన చేతికే రోజంతా గాట్లు సరిచూసే ఉద్యోగం. దానితో నచ్చజెప్పుకోవడానికి ఉన్న ఆ ఒక్క కారణమూ కుళ్లిపోయింది. పని పోయిన చిన్నకోడలు ఇంట్లో కూర్చొని చొక్కాలకు కాజాలు కుట్టసాగింది. ఇంట్లో ఏ గ్లాసు జారిపడినా ఆమె భర్త "మా గాలిచెయ్యిగారు లేచినట్టున్నారు" అనేవాడు. ఆ పేరు పిల్లల నోళ్లలోకీ పాకింది. పెద్దకోడలు విన్న ప్రతిసారీ తల దించుకొనేది. 

మ్యూజియంలో మొదటి గదిలో చెబుదామనుకుంది, అక్కడ జనం ఎక్కువగా ఉన్నారు. రెండో గదిలో తనంతట తాను వాయించుకొనే పియానో ఉంది.

"చూశావా అక్కా, మనిషి లేకుండానే మెట్లు కదులుతున్నాయి. అచ్చం మీ మరిది ఇంటిపని చేసినట్టే. చప్పుడే గాని మనిషి కనపడడు!" అని చిన్నకోడలు నవ్వింది. ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాక పెద్దకోడలు మళ్లీ వాయిదా వేసింది.

మూడో గదిలో గైడు అందరినీ గాలిపెట్టె ముందు నిలబెట్టాడు. "ఇది మా మ్యూజియానికే తలమానికం. మూడో చరణంలో పెద్దాయన రాగాన్ని అద్దంలో చూపినట్టు తిప్పేశారు. ఆ రోజుల్లో ఎవరికీ అర్థం కాక నవ్వారు. ఇవాళ సంగీతం చదివేవాళ్లు దీనికోసమే వస్తున్నారు" అని పిడి తిప్పాడు. ఆ మూడు మడతలు యంత్రంలోంచి జారుతున్నంతసేపూ పెద్దకోడలి కాలు తనకు తెలియకుండానే నేలను తొక్కింది.

పాట ఆగగానే చిన్నకోడలు చెయ్యెత్తింది.

"బాబూ, అది ఆయనగారి గొప్ప కాదు, నా జ్వరం. వెనక్కి తిప్పి చూడు, పదిహేడని ఉంటుంది. ఆ పదిహేడు నేనే."

గైడు తిప్పి చూశాడు. పదిహేడే. గది గదంతా చప్పట్లు కొట్టింది. ఎవరో ఆమెను గాలిపెట్టె పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. గైడు ఆమె చిరునామా రాసుకున్నాడు. చిన్నకోడలు అంత నిటారుగా నిలబడడం పెద్దకోడలు ఏనాడూ చూడలేదు.

నిన్నటిదాకా నోరు మూసుకోవడం దొంగతనం. ఇప్పుడు నోరు విప్పితే అది దొంగతనంలా కనిపిస్తుంది. అది తెలిసీ ఆమె ఆగలేకపోయింది. బయట గొడుగులు పెట్టే చోట బెంచీ మీద కూర్చోగానే చెప్పేసింది.

"ఆ మూడు మడతలూ నేను కొట్టానే."

"ఏ మూడు?"

"నువ్వు పడుకున్నావు. మేస్త్రీ చూస్తాడన్న కంగారులో గాటు చూసుకోలేదు. చెప్పలేకపోయాను."

చిన్నకోడలు ఆమెను ఎగాదిగా చూసింది. "తిట్లు పడ్డన్నాళ్లూ నాది. చప్పట్లు కొట్టేసరికి నీదైపోయిందా?"

"అది కాదే. ఈ మాట చెప్పడానికే నిన్ను తీసుకొచ్చాను."

"అయితే లోపలికి వెళ్లకముందే చెప్పొచ్చుగా?"

పెద్దకోడలు చిన్నకోడలి చెంపవైపు చూసింది. "ఆ రోజు నువ్వు లేచేసరికి నీ చెంప మీద అట్ట అంచు గీత పడి ఉంది. చాలాసేపు పోలేదు" అంది.

చిన్నకోడలి చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్లింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.  ఆమె లేచి, బస్సు ఎక్కి, ఖాళీగా ఉన్న రెండు సీట్ల వరుస వదిలేసి, డ్రైవరు వెనక ఒంటరి సీట్లో కూర్చుంది.

తర్వాతి వారం మ్యూజియం నుంచి ఇద్దరు రికార్డరు పట్టుకొని చిన్నకోడలు ఉండే కింది వాటాకు వచ్చారు. చిన్నకోడలు తడుముకోకుండా అన్నీ చెప్పింది: పంచ్ బరువు, రేకు గాటు, జ్వరం, మేస్త్రీ మాటలు. పై వాటా నుంచి పెద్దకోడలు వాళ్లకోసం మంచినీళ్లు పట్టుకొని సగం మెట్లు దిగింది.

"మీతో పనిచేసినవాళ్లు ఇంకెవరైనా బతికున్నారామ్మా? వాళ్లనూ కలుద్దామని" అని వచ్చినవారిలో ఒకామె అడిగింది.

చిన్నకోడలు మెట్లవైపు తల తిప్పింది. ఇద్దరి చూపులూ కలిశాయి.

"లేరండీ" అంది చిన్నకోడలు. "ఎవరూ లేరు."