చలి నేర్చుకున్న ఎండాకాలం

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా పక్కింటి అక్క చలిని అలవాటు చేసుకోవడానికి బరఫు కార్ఖానాకు, అంటే ఐసు ఫ్యాక్టరీకి, వెళ్లివచ్చింది. మహారాష్ట్రలో మా చంద్రపూర్ ఎండలు ఎరిగినవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. అప్పుడు మేమూ నవ్వాం. ఇప్పుడు తలచుకుంటే నాకు నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి ఏదీ నాకు పెద్దగా తగలడం లేదు. టీవీలో ఏం వచ్చినా చూస్తాను, కంచంలో ఏం పెట్టినా తింటాను. అందుకే కాబోలు, ఆ ఎండాకాలం ఈ మధ్య పదేపదే గుర్తుకొస్తోంది.

మేం చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్‌లో బొగ్గుగని కాలనీలో ఉండేవాళ్లం. మా గోడకు ఆనుకునే అక్క వాళ్ల ఇల్లు. అక్క నాన్నను పెద్దబాపు అనీ, అమ్మను పెద్దమ్మ అనీ పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. రెండు కుటుంబాలూ రాజురా వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు, అంతే. పెద్దబాపు గనిలోకి దిగి బొగ్గు తవ్వేవాడు. అక్క నాగపూర్ హాస్టల్లో ఉండి రాళ్ల చదువు చదివింది. భూమి పొరల గురించి చెప్పే ఆ శాస్త్రాన్ని మా కాలనీలో అందరూ అలాగే అనేవారు.

ఎక్కడో ఉత్తరాన ఉన్న ఒక చలిదేశపు సర్కారు, మనలాంటి వెనకబడిన దేశాల పిల్లలను కొందరిని ఎంచుకుని, తన ఖర్చుతో తీసుకెళ్లి పై చదువులు చదివించేదట. విమానం, హాస్టలు, తిండి, పుస్తకాలు అన్నీ వాళ్లవే. అక్క దరఖాస్తు పెట్టింది, ఢిల్లీ వెళ్లి అడిగినవాటికి జవాబులు చెప్పి వచ్చింది, ఎంపికయింది. ఆ దేశం పేరు మా కాలనీలో ఒక్కొక్కరి నోట ఒక్కోలా పలికేది. అందరూ సంబరపడ్డారు గానీ లోపల ఒక అనుమానం ఉండనే ఉంది. ఊరకరారు మహానుభావులు అన్నారు కదా, ముక్కూ మొహం తెలియని పిల్లకు ఎవరో సర్కారు ఊరికే చదువు ఎందుకు చెప్పిస్తుంది? ఆ మాట ఎవరైనా పైకి అంటే పెద్దబాపుకు నచ్చేది కాదు. "మన బొగ్గుతోని ఎవలెవలి ఇండ్లల్లనో దీపాలు ఎలుగుతలేవా? ఆ ఇంటోళ్ల పేర్లు మనం అడిగినమా? గిది గూడ గట్లనే" అనేవాడు.

ఆయనకు ఉన్న భయమల్లా చలి. మాకు తెలిసిన చలి పొద్దునపూట బొగ్గుల సిగ్డీ కుంపటి ముందు కూర్చుంటే పోయే చలి. ఆ దేశంలో నదులే గడ్డకడతాయని, వేళ్లు ఊడిపోతాయని ఎవరో ఆయనకు చెప్పారు. దాంతో మందమైన కంబళి ఒకటి కొని, బజారులో దర్జీ చేత కోటు కుట్టించాడు. ఆ దర్జీ చొక్కాలు, లంగాలు తప్ప కోటు ఎరగడు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అయింది. గుండీలు మాత్రం పెద్దబాపు దర్జీని ముట్టనివ్వలేదు. ఆ దారం ఆగదని, గోనెసంచులు కుట్టే దారం తెచ్చి, షిఫ్టుకు వెళ్లే ముందు అరుగు మీద కూర్చుని తానే కుట్టేవాడు. తవ్వి తవ్వి మొరటుబారిన ఆ వేళ్లలో సూది కనపడేది కూడా కాదు.

ఆయన చేసిన రెండో ఏర్పాటే బరఫు కార్ఖానా. ఈత నేర్చుకోవాలంటే నీళ్లలో దిగాలి, చలి నేర్చుకోవాలంటే చలిలో కూర్చోవాలి. ఆయన లెక్క అదీ. పెద్దమ్మ తమ్ముడు ఊళ్లో ఒక బరఫు కార్ఖానాలో పని చేసేవాడు. మధ్యాహ్నాలు సరుకు గదిలో కాసేపు కూర్చోనిస్తానన్నాడు. అక్క ఒంటరిగా వెళ్లకూడదని నన్ను తోడు పంపేవారు. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు, నా ఆశంతా బరఫు ముక్కల మీదే. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, లోపల రంపపు పొట్టు కప్పిన బరఫు దిమ్మెల మధ్య చెక్క పలక మీద ఇద్దరం గోనెపట్టాలు చుట్టుకుని కూర్చునేవాళ్లం. ముక్కులు మండే అమ్మోనియా వాసన. అక్క తన పుస్తకం చదువుకునేది. బయటికి రాగానే వడగాలి. నాలుగు రోజులకే అక్కకు నడి ఎండాకాలంలో జలుబు పట్టుకుంది. "పడిశం పది రోగాల పెట్టు. ఆ దేశానికి పోకముందే దీన్ని మంచాన పడేస్తవా ఏంది?" అని పెద్దమ్మ భర్త మీద ఎగిరింది. చలి నేర్చుకోవడం మాత్రం ఆగలేదు.

అక్కడ మేమొక ఆట ఆడేవాళ్లం. ఇద్దరం చెరో బరఫు ముక్క పిడికిట్లో పట్టుకోవాలి, ముందు వదిలినవాళ్లు ఓడినట్టు. ఎప్పుడూ నేనే ఓడేదాన్ని. ఒకరోజు పంతం పట్టాను. మొదట చెయ్యి మండింది, తర్వాత ఎముకల్లో పోటు పెట్టింది, ఆ తర్వాత ఏమీ లేదు. నా గెలుపు చూసి నేనే మురిసిపోయాను. "అక్కా, నొప్పి పోయింది! ఇంక ఎంతసేపైనా పట్టుకుంట" అన్నాను. అక్క పుస్తకం పక్కన పడేసి నా పిడికిలి విప్పింది. వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ముక్క విసిరేసి, నన్ను బయటికి ఈడ్చుకొచ్చి, నా చెయ్యి తన చంకలో పెట్టుకుని గట్టిగా అదిమింది. కాసేపటికి మొదలైంది నొప్పి. తేలు కుట్టినట్టు వేలు వేలుకూ పాకింది. నేను ఏడుస్తూ అక్కను కొట్టాను. అప్పటిదాకా లేని నొప్పిని తనే పుట్టించిందని నా కోపం. అక్క దెబ్బలు తింటూ నవ్వింది. "ఏడువు, మంచిగ ఏడువు. నొప్పి లేస్తుందంటే చెయ్యి బతికున్నట్టే. నొప్పి లేనప్పుడే భయపడాలె" అంది. ఆ రోజు నాకు అది ఒట్టి సాకులా తోచింది.

అక్క ప్రయాణం దగ్గర పడుతుండగా పెద్దబాపు పోయాడు. షిఫ్టు దిగి పైకొచ్చి, బూట్లు విప్పుకోవడానికి బల్ల మీద కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. కాలనీకి కాలనీయే ఏడ్చింది. అక్క ఏడవలేదు. వచ్చినవాళ్లకు చాపలు పరిచింది, మంచినీళ్లు ఇచ్చింది, తన చిన్న తమ్ముడికి స్నానం చేయించింది. ఎంత గట్టి పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు.

దినాలు అయ్యాక పెద్దలు ఆ ఇంట్లో కూర్చున్నారు. పనిలో ఉండగా మనిషి పోతే ఆ ఇంట్లో ఒకరికి గనిలో నౌకరీ ఇచ్చే పద్ధతి ఉంది. తమ్ముడు నా ఈడువాడు. కాబట్టి అక్కే చేరాలన్నారు. చదువుకున్న పిల్ల, ఆఫీసులో కుర్చీ దొరుకుతుంది. ఇల్లు నిలబడుతుంది. పరదేశం మాట ఇక మరిచిపోవాలి. చెప్పిన రోజుకు చేరకపోతే ఆ స్కాలర్‌షిప్ ఇంకొకరికి పోతుందని అక్కకు తెలుసు. అయినా "సరే" అంది.

అప్పటికి ఆమె అన్నిటికీ సరే అంటోంది. అన్నం తింటావా అంటే సరే. తర్వాత తిందువులే అంటే దానికీ సరే. ఆ ముఖం చూస్తుంటే నాకు ఎందుకో నా తెల్లబడ్డ వేళ్లు గుర్తొచ్చాయి. దగ్గరికెళ్లి, చెయ్యి పట్టుకుని, "అక్కా, నొప్పి లేస్తుందా?" అని అడిగాను. "లేదే" అంది, నా వైపు చూడకుండానే. నాకు నిజంగా భయమేసింది. పొయ్యి దగ్గరున్న పెద్దమ్మ కొంగు లాగి, అక్కకు నొప్పి లేస్తలేదంట అని చెప్పాను. మా ఆట సంగతి పెద్దమ్మకు తెలుసు, ఆ రోజు నేను ఇంటిదాకా ఏడుస్తూ రావడం కాలనీ అంతా చూసిందే. ఆమె పొయ్యి మీది గిన్నె దించింది. తర్వాత లేచి, ట్రంకు పెట్టె తెరిచి, కంబళి కోటు తీసింది.

"లే బిడ్డా, గిది తొడుగు" అంది పెద్దలందరి ముందు. ఆ ఎండలో, ఆ ఉక్కలో. దుఃఖంతో ఆమెకు మతి చలించిందనుకున్నారు. అక్క సరే అని తొడుక్కుంది. పెద్దమ్మ కింది నుంచి ఒక్కో గుండీ పెడుతూ వచ్చింది. అక్క మెడ మీద చెమట ధారలు కడుతోంది, కదలడం లేదు. "మీదిది నువ్వే పెట్టుకో" అని పెద్దమ్మ చేతులు తీసేసింది. అక్క మెడ దగ్గర తడిమింది. అక్కడ గుండీ సగమే కుట్టి ఉంది. దారం వేలాడుతోంది. మళ్లీ వచ్చి కుడదామని పెద్దబాపు సూదిని బట్టకే గుచ్చి షిఫ్టుకు వెళ్లాడు. అది అక్క వేలికి గుచ్చుకుంది. "అబ్బా" అని చెయ్యి తీసుకుని, సూదిని చూసి, దారాన్ని చూసి, "బాపూ" అని నేల మీద కూలబడింది. అంత పెద్ద ఏడుపు నేను మళ్లీ వినలేదు. ఊరుకోబెట్టబోయిన ఆడవాళ్లను పెద్దమ్మ దగ్గరికి రానివ్వలేదు.

ఆ ఏడుపు మధ్యలోనే పెద్దమ్మ పెద్దలతో చెప్పింది. "నౌకరీ నేను జేస్త. పిల్ల చదువుకు పోతది." నీకేం పని వస్తదని ఎవరో అన్నారు. "వచ్చేదాకా నేర్చుకుంట. అది చలి నేర్చుకోలేదా?" అంది. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

అక్క ఆ కోటుతోనే వెళ్లింది. పై గుండీ పెద్దమ్మ కుట్టింది. అక్కడి చలి ముందు మన బరఫు కార్ఖానా చిన్నపిల్లల ఆట అని తర్వాత ఎప్పుడో వచ్చినప్పుడు చెప్పింది. పెద్దమ్మకు, గనిలోకి దిగేవాళ్ల టోపీ దీపాలు ఇచ్చి పుచ్చుకునే గదిలో పని దొరికింది. ఆమె ఏడవగా మేమెవరం చూడలేదు. నాకు పెళ్లయ్యాక ఒకసారి అడిగితే చెప్పింది. చేరిన చాలా రోజులకు, పెద్దబాపు వాడిన దీపం ఇంకో మనిషికి ఇవ్వమని చేతికొచ్చిందట. ఆ మనిషికి దీపం ఇచ్చి, కిటికీ తలుపు వేసుకుని ఏడ్చిందట. "అప్పటిదాకా నాకు గూడ నొప్పి లేవలే బిడ్డా" అంది.

మొన్న మా మనవరాలికి కూడా అలాంటి స్కాలర్‌షిప్ వచ్చింది. దేశం వేరు, కాలం వేరు, కబురు ఫోన్‌లోకి వచ్చింది. మా ఆయన చేతుల్లో పెరిగిన పిల్ల. ఆయన పోయినప్పటినుంచి నా గదిలోనే పడుకుంటుంది. ఇంట్లో అమ్మా నాన్నా ఒప్పుకున్నా, నా దగ్గరికి వచ్చి మంచం మీద కూర్చుని, "మీ జాఊ కా, అమ్మమ్మా?" అని మరాఠీలో అడిగింది, పోనా అని. "సరే" అన్నాను. పిల్ల నా ముఖంలోకి చూసి, "పోవద్దా మరి?" అంది.

"సరే" అన్నాను.

నా నోటినుంచి వచ్చిన ఆ రెండో సరే నా చెవులకే వినబడింది. ఎక్కడ విన్నానో తెలిసింది. పిల్ల చెయ్యి తీసుకుని రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో తనకు తెలియదు. తాతయ్య ఉంటే నీకు కోటు కొనేవాడే అన్నాను, అంతే, ఏడుపు వచ్చేసింది. ఏడాదిగా ఎక్కడ ఉందో తెలియని నొప్పి ఛాతీలో మొదలై మోచేతుల దాకా పాకింది. పిల్ల బెదిరిపోయి, "నేను పోను, ఏడవకు" అంది.

"పోవాలె" అన్నాను. "నువ్వు పోతే నాకు నొప్పి లేస్తది. లేవనీ."