గజ్జలకు కుట్టిన చేయి

అబద్ధమైతే ఈ కుడిచేయిని మళ్ళీ మరమగ్గం బెల్టులో పెడతాను. అంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చీదర. సూరత్ శివారు వడోద్‌లో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం, అందరం కోరుట్ల వైపు వాళ్ళమే. కరెంటు పోతే చాలు, ఎవడో ఒకడు మొదలుపెట్టేవాడు. కాళ్ళు వెనక్కి తిరిగిన ఆడది... పేరు పెట్టి పిలిచే గొంతు... "తిన్నది అరుగక గీ కతలేందిరా" అని తిట్టి ముసుగు తన్నేవాణ్ణి. ఇప్పుడైనా అదే అంటాను. ఈ ఒక్క రాత్రి మాత్రం... వినండి.

కరోనా రోజులు. సూరత్ అంతా మూత. మా సేఠ్ మాత్రం షట్టరు దించి లోపల మగ్గాలు నడిపించాడు. తన ముఖానికి రెండు మాస్కులు, మాకు ఒక్కటీ లేదు. మాపైన పెత్తనం చేసే మాస్టరు మా జిల్లావాడే. మాటిమాటికీ విప్పాల్సి వస్తోందని బెల్టు మీదుండే ఇనుప జాలీ తీయించేశాడు. ఒక మధ్యాహ్నం నా చేయి అందులోకి పోయింది. ఎముకలు మిగిలాయి, వేళ్ళు మిగిలాయి. చేతి వెనక తోలు మాత్రం గ్లౌజు ఊడినట్టు ఊడి వచ్చింది.

ఆటోలో మాస్టరు నా చెవిలో అన్న మొదటి మాట ఇది.

"దవాఖానల అడిగితె ఇంట్ల ఫ్యాన్ తాకిందని చెప్పు తమ్మీ. సేఠ్ అంత సూస్కుంటడు."

సేఠ్ ఏమీ చూసుకోలేదు. మాస్టరు నన్ను గేటు దగ్గర దింపి, అదే ఆటోలో వెనక్కి పోయాడు. లోపలికొస్తే కరోనా అంటుకుంటుందట. మనుషులంటే వీళ్ళు.

చేతి మీద తోలు కప్పాలి. డాక్టరు నా గజ్జల దగ్గర చర్మాన్ని రేకులా కోసి, ఒక కొసను తొడిమలా ఒంటికే వదిలేసి, ఆ రేకును చేతి వెనక కుట్టాడు. తొడిమలోంచి రక్తం పారుతూ ఉంటే మూడు వారాల్లో తోలు చేతికి అతుక్కుంటుంది. అప్పుడు తొడిమ కోసి చేతిని విడదీస్తారు.

"ఇది మెలి పడకూడదు," అన్నాడు డాక్టరు. "పడితే తోలు నల్లబడిపోతుంది. మళ్ళీ మొదటికొస్తాం."

చేయి కదలకుండా నడుము చుట్టూ పట్టీ వేశారు. జేబులో చేయి పెట్టుకున్న దొరలా పడి ఉన్నాను.

ఆరు మంచాల వార్డు. మిగతా అయిదూ ఖాళీ. రాత్రికి ఒక్కతే నర్సు, జాగృతిబెన్. పై అంతస్తులో కరోనా వార్డు కూడా ఆమెదే. గంటగంటకూ వచ్చి తోలు నొక్కి రంగు చూడాలి. రెండు రాత్రులు వచ్చింది. మూడో రాత్రి రాలేదు. జీతం తీసుకుని ఎక్కడో గుర్రు పెడుతోందని లోపల తిట్టుకున్నాను. మందు మత్తు. ఎప్పుడు నిద్రపట్టిందో, ఎప్పుడు పక్కకు ఒరిగానో తెలియదు.

మెలకువ... చప్పుడుకు వచ్చింది.

కర్... కర్... ప్లాస్టిక్ నలిగే చప్పుడు.

మంచం పక్కన తెల్ల కరోనా సూటు. ఆ ఎండాకాలంలో నర్సుల ముఖం మీది అద్దం ఎప్పుడూ చెమటకు మసకబారి ఉండేది. ఈ అద్దం మీద ఒక్క చుక్క లేదు. ఎంత చూసినా... బల్బు వెలుగే కనిపించింది. ముఖం కనిపించలేదు.

"కౌన్?" అన్నాను.

ఒక వేలు నా చేతి మీది తోలును నొక్కింది. ఆ తోలుకు నరాలు ఇంకా గజ్జలవే. అందుకే చేతి మీద తాకితే నాకు తొడ మొదట్లో తెలిసేది. అప్పుడూ అక్కడే తెలిసింది... చల్లగా. ఐసుగడ్డ ఆనించినట్టు. నొక్కడం... వదలడం... ఆగడం. మళ్ళీ నొక్కడం.

తర్వాత కత్తెర. కిర్ర్... పట్టీ తెగింది.

"ఊకో... జర మోకాలు ముడువు."

ఆడగొంతు. తెలుగు. మా వైపు తెలుగు.

ముడిచాను. మోచేతి కింద మెత్తగా ఏదో దూరింది. కాసేపటికి తొడ మొదట్లో రక్తం వెచ్చగా పాకింది. కర్... కర్... తలుపు దాకా పోయింది. తలుపు తెరుచుకున్న చప్పుడు మాత్రం నేను వినలేదు.

పొద్దున డాక్టరు తెగిన పట్టీ చూసి ఆగిపోయాడు.

"ఎవరు కోశారిది?"

"రాత్రి ఎవరో వచ్చారు సార్."

"ఎవరైనా సరే, మంచి పని చేశారు. రాత్రి వాచి, మెలి పడినట్టుంది. ఇంకో రెండు గంటలు అలాగే ఉంటే ఈ తోలు పీకి పారెయ్యాల్సి వచ్చేది."

జాగృతిబెనే అనుకున్నాను. తెలుగు మాట మత్తులో నా చెవులు చేసిన పని అనుకున్నాను. మా గదిలో పెద్దవాడు లచ్చన్నకు ఫోన్లో చెబితే, "మీ అవ్వనే వచ్చింది తమ్మీ. తల్లి పానం గద" అన్నాడు. మా అవ్వ బతికున్నన్నాళ్ళు దవాఖానా గడప తొక్కలేదు. చచ్చిపోయాక నర్సు పని నేర్చుకుందా? ఫోను పెట్టేశాను.

మూడు వారాలకు చేయి విడదీశారు. తోలు పట్టింది. అక్కడ ఇప్పటికీ పూరీలా ఉబ్బి ఉంటుంది, గజ్జల వెంట్రుకలు మొలుస్తాయి. నవ్వుకోండి. గ్లాసు పట్టుకుంటాను, గుండీలు పెట్టుకుంటాను.

ఇంటికి పంపే రోజు జాగృతిబెన్‌కు దండం పెట్టాను. లోపల తిట్టుకున్నందుకు సిగ్గేసింది కూడా.

"ఆ రాత్రి మీరొచ్చి పట్టీ కోశారు కదా సిస్టర్," అన్నాను హిందీలో.

ఆమె ముఖం మారిపోయింది. "ఎగతాళి చేస్తున్నావా? నేను రాలేదు. పైన ఒకరి తర్వాత ఒకరు పోయారు, నాతో పనిచేసిన నర్సు కూడా... మెట్ల మీద కూలబడ్డాను. తెల్లారేదాకా లేవలేదు."

"మరి ఎవరో వచ్చారు. తెల్ల సూటు. కత్తెరతో పట్టీ కోశారు."

అంతే చెప్పాను. ఆడో మగో చెప్పలేదు. అది డాక్టరుకూ చెప్పలేదు.

ఆమె నా చేతి వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది...

"నా గురించి ఏమైనా అన్నదా ఆమె?"

లేదన్నాను. తల ఊపి, లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరామె అని అడగాల్సింది. నోరుంది, హిందీ వచ్చు, మనిషి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

అడగలేదు.